తలచినంతలోనే

మా ఆయన గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతూ గంగమ్మకు దండం పెట్టుకునేవాడు. మా ఇంటి గొడవంతా అక్కడ మొదలైంది.

చేతులు జోడించి కాదు. ఆ వేగంలో స్టీరింగు వదిలితే ఇక మన ఫోటోకే పూలు పెట్టాల్సి వస్తుంది. మనసులోనే పెట్టుకునేవాడు. మన వైపు బస్సు డ్రైవరైనా ఆటో అతనైనా దారిలో గుడి కనపడగానే కుడిచెయ్యి ఒకసారి గుండెకు ఆనించి తీస్తాడు. ఒక్కోసారి చెయ్యి లేవదు, లేపాలన్న ఊహ మాత్రం లేస్తుంది. మేం తయారుచేసిన బండి సరిగ్గా ఆ ఊహను పట్టుకుంది.

బండి పేరు ఝంఝ. అనంతపురం అవతల, వేరుశెనగ కూడా పండనని మొరాయించిన ఎర్రనేలలో మారుత మోటార్స్ వాళ్ళు ఫ్యాక్టరీ కట్టి తయారుచేశారు. మొత్తం నలభై బండ్లు, అంతే. నలభై ఒకటోది ఎంత గొప్పవాడు వచ్చి అడిగినా లేదు. డ్రైవరు వీపు వెనక ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను, ముందు చక్రాలకు చెరొక కరెంటు మోటారు, గేరుపెట్టె పక్కన మరొకటి. ఇంజను కొత్తల్లుడి లాంటిది, పిలవగానే లేచి రాదు. దాని టర్బోలు గాలి పీల్చుకుని బలం తెచ్చుకునే లోపల కరెంటు మోటార్లు బండిని లాక్కుపోతాయి. తర్వాత అన్నీ కలిసి తోస్తాయి. నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి రెండు సెకన్లు చాలు.

మా చీఫ్ ఇంజనీరు భుజంగరావు గారికి అదీ చాలలేదు. కాకినాడ మనిషి, యాభై దాటినా ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎరగరు, భోజనం కూడా నిలబడే చేసేవారు. ఇంజను ఆలస్యం తీసేశాం, మోటారు ఆలస్యం తీసేశాం, ఇక మిగిలింది మనిషి ఆలస్యమే అని అస్తమానం అంటుండేవారు. బ్రేకు వెయ్యాలని అనుకోవడానికీ కాలు కదలడానికీ మధ్య సెకనులో మూడో వంతు పోతుంది. ఆ వేగంలో అంతలోపల బండి ఒక చిన్న వీధి దాటిపోతుంది. అందుకని సీటులో తల ఆనించే దిండు లోపల ఆయన ఒక పల్చటి రేకు పెట్టారు. డ్రైవరు మెదడులో ఊహ పుట్టగానే అది పసిగట్టి, కాలు కదలకముందే మోటార్లకు చెప్పేస్తుంది. దానికి తలంపు అని పేరు పెట్టాం.

ఆ తలంపు గీతలను తెర మీద చూసి సరిదిద్దడం నా ఉద్యోగం. ఆ గీతలు మా ఆయన కుళ్ళాయప్పవి. మొగుడి మనసులో ఏముందో తెర మీద చూసుకునే భాగ్యం లోకంలో నీకొక్కదానికే దక్కిందని క్యాంటీన్‌లో నన్ను ఆటపట్టించేవాళ్ళు. బ్రేకు, గేరు, మలుపు తప్ప ఆ మనసులో ఇంకేమీ కనపడదమ్మా అంటే నమ్మేవాళ్ళు కాదు.

కుళ్ళాయప్పది ధర్మవరం. వేరుశెనగ లారీ నడిపిన తండ్రి ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టినవాడు, తర్వాత ర్యాలీల్లో పేరు తెచ్చుకున్నాడు. మనిషి నెమ్మదస్తుడు. మాట్లాడేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. నేను గడగడా వాగుతుంటే చివరిదాకా విని, అప్పుడు ఒక్కమాట అంటాడు. ఆ నెమ్మది చూసే నేను పెళ్ళికి ఒప్పుకున్నాను. ఊహ చెదరకుండా ఒక్కటే గీతగా వచ్చే మనిషి కావాలి కాబట్టి భుజంగరావు గారు కూడా అది చూసే తీసుకున్నారు. నలభై బండ్లలో ప్రతిదానికీ తలంపు కుళ్ళాయప్ప దగ్గరే నేర్పించాలి. ఒక మంచి డ్రైవరు ఊహకు అలవాటుపడ్డ బండి తర్వాత కొన్నవాడి ఊహకు తేలిగ్గా సర్దుకుంటుంది.

ఇక గంగమ్మ సంగతి. ట్రాకు వెయ్యడానికి నేల చదును చేసినప్పుడు, అక్కడ గంగమ్మగా కొలిచే, పసుపు రాసిన రాయి ఒకటి ఉంది, దాని మీదికి పొక్లెయిన్ తోలడానికి డ్రైవరు ఒప్పుకోలేదు. కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. ఊరివాళ్ళు సరేసరి. చివరికి ట్రాకే అమ్మవారిని చుట్టుకుని వంకర తిరిగింది. ఆ గంగమ్మ మలుపు దగ్గర ఝంఝ వేగం ప్రతిసారీ వెంట్రుకవాసి తగ్గేది. టైర్లు మార్చారు. ముందు రెక్క వంపు మార్చారు. కొండమీది గాలిమరల నుంచి అడ్డగాలి వస్తోందని కొన్నాళ్ళు దాన్ని తిట్టారు. నా తెర మీద మాత్రం ఆ మలుపులో ఒక చిన్న బొడిపె లేచేది. అది బ్రేకు కాదు, గేరూ కాదు. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు అడిగితే మా ఆయన గొంతు సవరించుకుని, సిగ్గుపడి, "గంగమ్మ కదా వనజా, ఎట్ల మొక్కకుండా పోయేది" అన్నాడు.

మొక్కకుండా పోవడానికి ప్రయత్నించాడు కూడా. వద్దనుకున్న కొద్దీ బొడిపె ఇంకా పెద్దదైంది. ఇంకో దేశంలో అయితే రాయినో డ్రైవరునో మార్చేసేవాళ్ళు. రాయి జోలికి పోయే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ప్రతి కొత్త బండి ముందూ కొబ్బరికాయ కొట్టేది భుజంగరావు గారే. మొక్కులు మానమని డ్రైవరుకు చెప్పే నోరూ ఎవరికీ లేదు. అందుకని మేం తప్ప భూమ్మీద ఎవరూ చెయ్యని పని ఒకటి చేశాం. దండం పెట్టుకున్న తృప్తిని మిషనుతో ఇప్పించాం.

భుజంగరావు గారి లెక్క తేలికైనదే. ఊహ పుట్టినంతలో బండికి నష్టం లేదు, అది తీరకుండా నిలబడిపోవడమే నష్టం. చెయ్యి గుండెకు ఆనితే మెదడు 'అయ్యింది' అనుకుని ముందుకు పోతుంది, ఆనకపోతే అక్కడే వేలాడుతుంది. ఆ అయ్యింది అన్న సంగతేదో మనమే చెబితే సరిపోతుంది. తల వెనక రేకు నుంచి చీమ పాకినంత సన్నటి జలదరింపు ఒకటి పంపారు. బొడిపె లేచింది, వెంటనే పడుకుంది. ఝంఝ గంగమ్మ మలుపును తగ్గకుండా కోసుకుంటూ పోయింది. ఆ రోజు అందరం మిఠాయి తిన్నాం.

అక్కడితో ఆగినా బాగుండేది. దండానికి పనికొచ్చింది గేరుకు ఎందుకు పనికిరాదు అన్నారు భుజంగరావు గారు. గేరు మార్చాలనుకున్నాడా, అయ్యింది. బ్రేకు అనుకున్నాడా, అయ్యింది. చేసేది బండి చూసుకుంటుంది, మనసు అప్పుడే తర్వాతి మలుపులో ఉండాలి. ట్రాకు చుట్టొచ్చే సమయం సెకన్ల లెక్కన పడిపోయింది. దించిన కిటికీ అద్దం మీదుగా కుళ్ళాయప్ప ముఖం చూశాను. పండగ పూట తలంటిపోసుకున్న పిల్లవాడిలా మెరుస్తోంది. బండికి తాను చెప్పాల్సిన పనే లేదని, అనుకుంటే జరిగిపోతోందని, ఇన్నాళ్ళూ తాను నడిపింది ఎడ్లబండేనని నాతో చెప్పాడు. గొంతు సవరించుకోకుండా చెప్పాడు. అది నేనప్పుడు పట్టించుకోలేదు.

ముందు తొందర వచ్చింది. నేను మాట మొదలుపెడితే సగంలోనే జవాబు చెప్పి లేచిపోయేవాడు. కూర వడ్డించకముందే అన్నం కలిపేవాడు. సిగ్నలు దగ్గర వేళ్ళతో తొడ మీద దరువు వేసేవాడు. లిఫ్టు వచ్చేదాకా నిలబడలేక ఐదంతస్తులూ ఎక్కి వచ్చేవాడు. నువ్వేనా నేను చేసుకున్న మనిషివి అని ఎగతాళి చేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస అన్నాను. నవ్వాడు. నేను నవ్వడం పూర్తయ్యేలోపల ఆయన నవ్వు అయిపోయింది.

తర్వాత తొందర పోయి ఇంకొకటి వచ్చింది, అది నాకు ముందు అర్థం కాలేదు. పొయ్యి మీద పాలు పొంగి పారుతుంటే పక్కనే నిలబడి ఉన్నాడు. దించొచ్చు కదా అంటే, దించానన్నాడు. పైన ట్యాంకు నిండి నీళ్ళు మెట్ల మీదుగా కారుతుంటే మోటారు కట్టేశానన్నాడు. ధర్మవరంలో మా అత్త, వాడు ఫోను చేసి ఎన్నాళ్ళయిందమ్మా అని నాతో మొత్తుకుంటే, నిన్ననే మాట్లాడానన్నాడు. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవని నేను సాధించాను. అబద్ధాలు నేర్చాడనుకున్నాను. రోజూ గొడవే. ఆయన అరవడు, అదొక చిక్కు. నేనేదో అన్యాయంగా నిందిస్తున్నట్టు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునేవాడు.

మా పాప అమూల్య నాలుగో తరగతి. ఒకరోజు ల్యాబులో పని తెమలక, పాపను బడి నుంచి తీసుకురమ్మని ఆయనకు ఫోను చేశాను. సరేనన్నాడు. నేను ఇల్లు చేరేసరికి సోఫాలో ఉన్నాడు, టీవీ చూస్తున్నాడు. పాపేదీ అని అడిగాను.

"తెచ్చినా కదా, లోపల బట్టలు మార్చుకుంటాండాది."

లోపల ఎవరూ లేరు. గదులన్నీ వెదికాను. ఆయన కూడా నాతోపాటు వెదికాడు, నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. పాప బడి గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. భుజాన వేసుకుని వస్తుంటే నాకు కోపం రాలేదు, భయం వేసింది. అబద్ధం ఆడినవాడు అట్లా వెదకడు.

మర్నాడు భుజంగరావు గారి ఎదుట కుళ్ళాయప్పను ఉత్త కుర్చీలో కూర్చోబెట్టాను. తల వెనక ఊహను చదివే రేకు ఒక్కటే ఉంచాను, జలదరింపు పంపేది తీసేశాను. ఎదురుగా టేబుల్ మీద కాఫీ కప్పు పెట్టి, తాగమన్నాను. తెర మీద ఊహ లేచింది. చక్కగా, నిటారుగా, ఎప్పట్లాగే. పైదాకా పోయి, తృప్తిగా కిందికి దిగి పడుకుంది. మేం ఏమీ పంపలేదు. ఆ జవాబు ఆయన మెదడు తనకు తానే చెప్పుకుంది.

ఆయన చేతులు ఒళ్ళో అట్లానే ఉన్నాయి. కప్పులోంచి ఆవిరి వస్తోంది.

"బాగుంది. చక్కెర కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

భుజంగరావు గారు కూర్చున్నారు. ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. కప్పు వైపు వేలు చూపించి, కుళ్ళాయప్పా, అది నిండుగా ఉందయ్యా అన్నారు. మా ఆయన కప్పు చూశాడు, నన్ను చూశాడు. లోపల ఏదో తెగినట్టు ముఖం పాలిపోయింది. చెయ్యి చాచి, వేలు కాలేదాకా కాఫీలో ముంచి చూసుకున్నాడు. ఆ చూసుకోవడం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

అప్పట్నుంచి మొదలైంది అసలైన కాలుగాలిన పిల్లి తిరుగుడు. తాను చేసిందేదో చెయ్యనిదేదో తెలియదు. వంటింట్లోకి పోయి గ్యాసు చూసి వస్తాడు, చూసి వచ్చానో లేదోనని మళ్ళీ పోతాడు. స్నానం చేశానా అని జుట్టు తడిమి చూసుకుంటాడు. ఇల్లంతా తిరిగి తిరిగి కూలబడతాడు, కూలబడి మళ్ళీ లేస్తాడు. ఇల్లలకగానే పండగ కాదంటారు, మా ఇంట్లో ఇల్లు అలకాలనుకోగానే పండగ అయిపోయేది. ఇంతకుముందు నోటికొచ్చిన సామెతలన్నీ అని సాధించినదాన్ని, ఇప్పుడు ఒక్కటీ పెదవి దాటలేదు.

ఆయన ప్రశాంతంగా ఉండేది ఝంఝలో ఒక్కటే. అందులో అనుకున్నది నిజంగానే జరుగుతుంది. చేశానా లేదా అని తడుముకోవాల్సిన పని లేదు. ఆ సీట్లో కూర్చోగానే భుజాలు దిగేవి, ఊపిరి నిదానించేది. బండి దిగాక గేటు దాకా వచ్చేసరికి మళ్ళీ జేబులు తడుముకునేవాడు. ఎంత నడిపితే అంత ముదురుతుందని గీతలు చెబుతున్నాయి. నడపకపోతే ఆ మనిషి నిలవలేడని నా కళ్ళు చెబుతున్నాయి. తలంపు నేర్పాల్సినవి ఇంకా ఎనిమిది బండ్లు మిగిలాయి, కొనేవాళ్ళు చూడటానికి వచ్చే రోజు దగ్గరపడుతోంది. భుజంగరావు గారు కుళ్ళాయప్పను కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నారు గానీ, ఆ తర్వాత ఏమిటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంటి కారు మాత్రం ముట్టుకోవద్దని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

ఒక ఉదయం బడి ఆటో రాలేదు. నేను అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను. పాపను కారులో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. బైపాస్ దాటి బడి రోడ్డు తిరిగేచోట గొర్రెలమంద అడ్డం వచ్చింది. తర్వాత పాప చెప్పింది, నాన్న గొర్రెల్ని చూశాడట. అదిగో గొర్రెలు, బ్రేకు వేశాలే అని నవ్వుతూ పాపకు చెప్పాడట కూడా. కాలు కదల్లేదు. కారు మంద మధ్యలోంచి పోయి, రోడ్డు పక్క మట్టికట్టకు గుద్దుకుని ఆగింది.

నేను వెళ్ళేసరికి రెండు గొర్రెలు రోడ్డు మీద పడి ఉన్నాయి. మందాయన, ముసలాయన, తన గొర్రెల్ని వదిలేసి పాపను దించి కంబళి మీద కూర్చోబెట్టుకుని నీళ్ళు తాగిస్తున్నాడు. పాపకు నుదుటి మీద బొప్పి తప్ప దెబ్బలు లేవు. నాన్నా నాన్నా అని కారు వైపు చేతులు చాచి ఏడుస్తోంది. కుళ్ళాయప్ప సీటు దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ముఖంలో ఎంతో ప్రేమ.

"ఏడవొద్దు తల్లీ, ఎత్తుకున్యా కదా. నాన్న భుజం మీదుండావు కదా" అంటున్నాడు, ఖాళీ గాలిలోకి.

కారు తలుపు తీసి ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపాను. చూడు, నీ భుజం మీద ఎవరూ లేరు, పాప అక్కడుంది చూడు అని అరిచాను. రోడ్డు మీద జనమంతా చూస్తున్నారు, నాకేమీ పట్టలేదు. ఆయన పాప వైపు చూశాడు. తర్వాత తన చేతులవైపు చూసుకున్నాడు, ఎవరివో చేతులైనట్టు.

ఆ సాయంత్రం పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంక చాలు వనజా అన్నాడు. ఆ బండి ఎక్కనన్నాడు. పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నానన్నాడు. మనసారా అన్నాడు, అందులో సందేహం లేదు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. అది మోకాలి మీంచి లేవలేదు. పాప తల మీద ఏమీ లేదు.

తెల్లవారేసరికి పక్కన లేడు. ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఫ్యాక్టరీకి పోయేసరికి కొనేవాళ్ళ కోసం షామియానా వేస్తున్నారు, ఎర్ర తివాచీ పరుస్తున్నారు. ట్రాకు మొదట్లో ఝంఝ నిలబడి ఉంది. లోపల కుళ్ళాయప్ప హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తెల్లబోయాడు.

"ఏంటికి వచ్చినావు? మానేసినా కదా."

మానెయ్యాలని ఆయన నిజంగానే అనుకున్నాడు. అనుకోగానే మెదడు అయ్యింది అనేసింది. మానేసిన తృప్తితో హాయిగా నిద్రపోయి, లేచి, వచ్చి ఎక్కాడు. ఇక ఈ మనిషి తాగుడు మానలేనివాడిలా కూడా కాదు. తాగుబోతుకు మానలేదని తెలుస్తుంది. ఈయనకు బ్రతిమాలి చెప్పినా, ఒట్లు వేయించుకున్నా, ఏడ్చినా లాభం లేదు. ఆయన మంచి ఊహలన్నీ పుట్టినచోటే తీరిపోతాయి. ఈ రోజు అడ్డం పడకపోతే, నాకు మిగిలేది నన్నూ పాపనూ మనసులో మాత్రమే ప్రేమగా చూసుకునే ఒక బొమ్మ.

భుజంగరావు గారు బండి పక్కనే నిలబడి ఉన్నారు, ఆయన కళ్ళు కూడా నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. ఆయన్ని పక్కకు పిలిచి, తలంపు మొత్తం కట్టెయ్యమని అడిగాను. చదివేదీ, పంపేదీ, రెండూ. ఈ ఒక్క బండికి కాదు, అన్నిటికీ. తలంపు లేకపోతే అది మామూలు వేగపు బండేనని, లోకంలో అట్లాంటివి బోలెడున్నాయని, తన పన్నెండేళ్ళ పని అదేనని ఆయన అన్నారు. కోపంగా అనలేదు. ఏదో అనాలి కాబట్టి అన్నట్టుగా అన్నారు.

"మీరు కట్టెయ్యకపోతే నేను వైర్లు పీకేస్తాను సార్. నాకు ఎక్కడెక్కడున్నాయో తెలుసు."

ఆయన షామియానా వైపు చూశారు. తర్వాత బండిలో ఉన్న మనిషి వైపు చూశారు.

"మీరు పీకక్కర్లేదు వనజ గారూ. పెట్టినవాణ్ణి నేనే కదా" అన్నారు.

తెర దగ్గరికి పోయి ఒక్కొక్కటే ఆపారు. మా ఆయన పేరు మీద మూడేళ్ళుగా పేరుకున్న గీతలన్నీ తుడిచేశారు. చివరిది రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. అప్పుడు నేను పోయి ఝంఝలో రెండో సీట్లో కూర్చున్నాను. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అందులో ఎక్కడం అదే మొదటిసారి.

భుజంగరావు గారు నా వైపు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కుళ్ళాయప్ప ముందుకు చూశాడు. భుజాలు దిగాయి, ఊపిరి నిదానించింది. బండి కదల్లేదు. ఆయన ఒళ్ళు మాత్రం మెత్తగా ఎడమకు ఒరిగింది, తర్వాత కుడికి ఒరిగింది. కళ్ళు దూరంగా ఏదో మలుపును వెదుకుతున్నాయి. పెదవుల మీద నవ్వు. నా మొగుడు నిలబడ్డ బండిలో లోకమంతా తిరుగుతున్నాడు.

"యాడుండాం మనం?" అని అడిగాను.

"రెండో మలుపు దాటినాం. వేగం చూసినావా?"

"భుజంగరావు సార్ యాడుండారు?"

"వెనకాల. మొదట్లో వదిలేసి వచ్చినాం కదా."

"ఈ పక్క చూడు."

చూశాడు. కిటికీ అవతల, చెయ్యి చాపితే అందే దూరంలో ఆయన ఉన్నారు. చొక్కా గుండీ కూడా కనపడుతోంది. కుళ్ళాయప్ప ఒకసారి ముందుకు చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు. ముందుకు, పక్కకు, ముందుకు. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. తనే కనుక్కోవాలని పళ్ళ బిగువున ఊరుకున్నాను. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"కదల్లే" అన్నాడు.

"కదల్లే."

"నేను అనుకుంటినే."

"అనుకున్నావు. కాలు పెట్టాల."

తన కాలి వైపు చూసుకున్నాడు. అట్లా ఎంతసేపు చూశాడో. వేగమంటే ప్రాణం పెట్టే మనిషి, ఒక్క పాదాన్ని ఒక్క బెత్తెడు ముందుకు జరపడానికి పళ్ళు కొరుక్కున్నాడు. మెడ నరాలు లేచాయి. ఊహ లేస్తోంది, వెంటనే పడుకుంటోంది, తెర లేకపోయినా నాకు తెలుస్తోంది. పడుకున్నప్పుడల్లా ఆయన ముఖం తేటపడేది, కిటికీ వైపు చూసి మళ్ళీ నల్లబడేది. నేను ఆయన తొడ మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. నేను తోస్తే అది నేను చేసిందవుతుంది. అవతల కొనేవాళ్ళు రావడం మొదలైంది, షామియానా కింద కుర్చీలు జరుగుతున్న చప్పుడు. భుజంగరావు గారు వాళ్ళ వైపు తిరిగి చూడలేదు.

పాదం జరిగింది. నొక్కింది.

ఇంజను లేవలేదు, అంత తక్కువ వేగానికి దానితో పని లేదు. కరెంటు మోటార్లు మాత్రం నిశ్శబ్దంగా పట్టుకున్నాయి. కిటికీలో భుజంగరావు గారి చొక్కా గుండీ వెనక్కి జరిగింది, తర్వాత చొక్కా జరిగింది, తర్వాత మనిషి జరిగాడు. షామియానా కింద ఎవరో, ఇదేనా అంత వేగం అని గట్టిగా నవ్వారు. మా పక్కనుంచి తివాచీ మోసుకుపోతున్న కూలీ మమ్మల్ని దాటి నడిచిపోయాడు.

కుళ్ళాయప్ప ముందుకు చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు, పరీక్ష రాసిన పిల్లవాడు మాస్టారి ముఖం చూసినట్టు.

"వనజా, నిజం చెప్పు. కదిలినామా?"

ఏడుస్తూనే నిజం చెప్పాను.

"కదిలినాం. కొంచెం."